నాయన వంతు

మా ఇంట్లో బైబిలు ఒక్కరు చదివితే మిగతావాళ్ళు వినడం ఉండదు. అందరం చదవాల్సిందే. ఒకరు ఒక వచనం చదివితే పక్కవాళ్ళు తర్వాతి వచనం అందుకోవాలి. అధ్యాయం అయ్యేదాకా వంతులు అట్లా తిరుగుతూనే ఉండాలి. అదీ పొద్దున్నే, కాఫీ గొంతులో పడకముందే. ఈ పద్ధతి పెట్టింది మా నాయన. కాఫీ ముందో వాక్యం ముందో తేల్చుకోవడానికి మా అమ్మ పెళ్ళైన కొత్తలో ఓ వారం పోట్లాడిందట. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా కాఫీ గెలవలేదు.

నా చిన్నతనమంతా ఉదయగిరి కొండ కింద, మా పాళెంలోనే. నాయన కర్రతో చెంచాలు, గరిటెలు చెక్కేవాడు. తెల్లారగానే ఉలి పట్టుకునే చేతులు మొదట బైబిలు పట్టుకునేవి. మేం నలుగురం, నాయన, అమ్మ, నేను, మా చెల్లెలు, చాప మీద కూర్చునేవాళ్ళం. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నేను వాక్యం విన్నదే లేదు. అధ్యాయం తెరవగానే నాకెన్నో వచనం వస్తుందో వేళ్ళమీద లెక్కేసుకునేదాన్ని. మూడు, ఏడు, పదకొండు, పదిహేను. అవి వెతుక్కుని లోపల్లోపల రెండుసార్లు చదువుకుని సిద్ధంగా ఉండేదాన్ని. మా చెల్లెలూ అంతే. కష్టమైన పేర్లున్న వచనం దానికి వచ్చేట్టుంటే నాకు ఎక్కడలేని సంతోషం. ఈ సంగతి నాయనకు తెలుసు. అప్పుడప్పుడు కావాలని తన వంతులో రెండు వచనాలు చదివేసేవాడు. మా లెక్క మొత్తం తారుమారై, మేం తెల్లమొహం వేస్తే మీసం కింద నవ్వుకునేవాడు.

పేర్ల పట్టికలు వచ్చినప్పుడు దాటేద్దామని బతిమాలేవాళ్ళం. కూలిపోయిన గోడను ఎవరెవరు ఎంత మేర కట్టారో చెప్పే అధ్యాయం ఒకటుంది. దాని నిండా నోరు తిరగని పేర్లే.

"పని చేసినోళ్ళ పేర్లు చదవడానికి నీకేంది అంత బరువు?" అన్నాడు నాయన. చదివించాడు.

ఆయన బడికి పోయింది తక్కువ. పద్దెనిమిదేళ్ళప్పుడు, మా పాళేనికి గొడుగేసుకుని నడిచివచ్చే ఒక బైబిలు స్త్రీ దగ్గర అక్షరాలు నేర్చుకున్నాడు. వాక్యం చెప్పడానికి ఇల్లిల్లూ తిరిగే ఆ పెద్దావిడ, ఒక్కో అక్షరం కింద ఆయన వేలు పట్టుకుని పెట్టించేదట. ఆ వేలు అలవాటు ఆయనకు చివరిదాకా పోలేదు. ధారాళంగా చదివే రోజుల్లో కూడా వచనం కింద వేలు జరుగుతూనే ఉండేది. చదువు వచ్చాక ఏదో ఆఫీసుకు పోతే, అక్కడి గుమాస్తా మొహం చూసి వేలిముద్ర డబ్బా ముందుకు జరిపాడట. నాయన ఆ డబ్బాను వెనక్కి జరిపి, కలం అడిగాడట. అమ్మ ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా, డబ్బా వెనక్కి జరిపే చోటికి వచ్చేసరికి చేత్తో జరిపి చూపిస్తుంది.

ఇక నా సంగతి. నేను లెక్కల టీచర్ని, తొందరమనిషిని. ఈ రెండూ ఒకచోట చేరితే ఇంట్లోవాళ్ళకు ఎంత కష్టమో మా ఆయన్ని అడగండి. పెళ్ళై ఆత్మకూరు వచ్చాక సంగం దగ్గర బళ్ళో ఉద్యోగం. ఏడుంబావు బస్సు తప్పితే బడి ప్రేయరుకు అందను. ఇంట్లో కుటుంబ ప్రార్థన మానలేదు గానీ దాన్నీ బస్సు టైముకు సరిపెట్టాను. ఆరింటికి మొదలైతే ఆరున్నరకి ఆమెన్. చర్చిలో ఇచ్చిన చార్టు ఫ్రిజ్‌కి అంటించి ఉండేది. ఏ రోజు ఏ అధ్యాయమో అందులో ఉంటుంది. చదివాక పక్కన టిక్కు పెట్టాలి. సంవత్సరం చివర ఒక్క ఖాళీ కూడా లేని చార్టు చూసుకుని నేనెంత మురిసిపోయేదాన్నో చెప్పలేను. అందులో ఏం చదివామని ఎవరైనా అడిగితే మాత్రం గుటకలు మింగాలి. చదివాక కాసేపు మౌనంగా ధ్యానించాలని మా చర్చి పాస్టరు అయ్యగారు ప్రతి ఆదివారం చెప్పేవారు. ధ్యానానికి ఏడుంబావు బస్సు ఆగదు కదా అని నేను లోపల జవాబిచ్చుకునేదాన్ని.

నిరుడు ఆగస్టు చివర్లో, వానలు వెనకపట్టిన రోజుల్లో, చెక్కిన చెంచాను ఆకురాయితో నునుపు చేస్తూ ఉండగా నాయన చేతిలోంచి ఆకురాయి జారిపోయింది. తీసుకోబోతే చెయ్యి లేవలేదు. అమ్మను పిలవబోతే మాట రాలేదు. పక్షవాతం. ఉదయగిరి నుంచి ఆత్మకూరు, ఆత్మకూరు నుంచి నెల్లూరు. రెండు వారాల పైన ఆసుపత్రిలో ఉంచి, నాయననూ అమ్మనూ తిన్నగా మా ఇంటికే తెచ్చుకున్నాం. కుడికాలు ఈడుస్తూ పట్టుకుని నడవగలడు. కుడిచెయ్యి ఊరికే వేలాడుతోంది. మాట మాత్రం పూర్తిగా పోయింది. "తలలో అన్నీ ఉన్నాయమ్మా. అర్థమవుతుంది, చదువుతారు కూడా. నోటిదాకా రావడం లేదు. ఎప్పటికైనా కొంచెం రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు డాక్టరు. ఆ మాటల్లో 'చదువుతారు కూడా' అన్నది నా చెవిన పడిందే గానీ బుర్రకెక్కలేదు.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున హాల్లో నాయన కోసం చేతుల కుర్చీ వేశాం. వరస ఇదీ: మా ఆయన, ఇంటర్ చదివే మా అమ్మాయి, నాయన, తర్వాత నేను, చివర అమ్మ. మా ఆయన చదివాడు, అమ్మాయి చదివింది. నాయన వంతు వచ్చింది. ఆయన నోరు తెరిచాడు. మెడనరాలు ఉబ్బాయి, నుదుటన చెమట పట్టింది, పెదాలు ఒకపక్కకు లాగాయి, గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ తెరిచాడు. మా అమ్మాయి ఏడుపు ఆపుకోలేక చున్నీ నోట్లో కుక్కుకుంది. నేను చూడలేకపోయాను.

"నాయనా, నువ్వు కష్టపడబాక. విను చాలు, మేం చదవతాం గదా" అని ఆయన వచనం నేనే చదివేసి, నా వచనం కూడా చదివాను.

మర్నాటి నుంచి అదే పద్ధతయింది. అమ్మాయి ఆపగానే నేను అందుకునేదాన్ని. అది జాలి అనుకున్నాను. జాలి ఉన్న మాట నిజమే. కానీ గోడమీద గడియారం కూడా ఉంది, అది కూడా నిజమే. ఈ రెండో నిజం ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

నాలుగైదు రోజులు నాయన కుర్చీలో కూర్చుని విన్నాడు. తర్వాత కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ తర్వాత పొద్దున్నే లేపితే లేచేవాడు కాదు. కళ్ళు మూసుకుని ఉండేవాడు గానీ నిద్రపోయేవాడు కాదు, నిద్రపోయే మనిషి రెప్పలు అంత బిగబట్టుకోడు. మంచం లోపలి గదిలో, మేం చదివేది హాల్లో. మధ్య తలుపు తెరిచే ఉంచేవాళ్ళం. కొన్నాళ్ళకి ఆయన కుర్చీ మీద ఉతికిన బట్టలు చేరాయి.

"మీ నాయన దేవుడి మీద అలిగినాడే" అంది అమ్మ, వంటింట్లో గొంతు తగ్గించి. "యాభై ఏళ్ళు ఒక్కరోజు మానని మనిషి. ఇట్లా చేసినావేందయ్యా అని అలిగినాడు."

నాకూ అదే అనిపించింది. ఈ మాట ఎట్లా పాకిందో గానీ చర్చి సంఘం నుంచి పరామర్శలు మొదలయ్యాయి. వచ్చినవాళ్ళంతా మంచివాళ్ళే. వాళ్ళను తప్పు పట్టను. ఒకాయన అన్నీ పోగొట్టుకున్న భక్తుడి కథ చెప్పాడు. రెండోరోజు ఇంకొకాయన వచ్చి అదే కథ చెప్పాడు. మూడో ఆవిడ కూడా అదే మొదలుపెడితే నాయన నా వైపు చూసిన చూపు, నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేను ఇంకో అడుగు ముందుకేశాను. ఫోన్లో బైబిలు చదివి వినిపించే యాప్ పెట్టి, దిండు పక్కన ఉంచాను. బరువైన గొంతుతో ఎవరో తప్పు లేకుండా గడగడా చదివేస్తున్నాడు. నాయన ఎడమచేత్తో ఆ ఫోన్ తీసి, బోర్లించి, దిండు కింద తోసేశాడు. గొంతు దిండు కింద నుంచి కూడా చదువుతూనే ఉంది.

అప్పుడు నాకు కోపం వచ్చింది. నా కోపం సంగతి మా వీధిలో అందరికీ తెలుసు.

"ఎంతమందికి లేదు ఈ జబ్బు? నీకు లేచి కూర్చునే ఓపికుండాది. దేవుడి మీద అలిగితే ఎవరికి నాయనా నష్టం?" అన్నాను.

ఆయన నా మొహంలోకి కాసేపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఏదో చెప్పాలని ఉండి, చెప్పలేక, వీళ్ళకు ఎప్పటికీ తెలియదులే అన్నట్టు గోడ వైపు తిరిగిపోయాడు. నోరు లేని మనిషితో పోట్లాడి గెలిచి బస్సెక్కాను. ఆ రోజు బళ్ళో ఏం చెప్పానో నాకు గుర్తులేదు. ఆ మాట అన్నందుకు ఇవాళ్టికీ సిగ్గుపడుతున్నాను.

అట్లా నెల దాటింది. ఒక పొద్దున మా అమ్మాయికి జ్వరం. లేపలేదు. ముగ్గురమే కూర్చున్నాం. ఆ రోజు చార్టు ప్రకారం వచ్చింది ఎడారి ప్రయాణాల అధ్యాయం. ఫలానా చోట బయలుదేరి ఫలానా చోట దిగారు, అక్కడ బయలుదేరి ఇంకోచోట దిగారు. మొదటి నుంచి చివరిదాకా అంతే. ఆర్టీసీ బస్సు ఆగే ఊళ్ళ జాబితాలాగా ఉంటుంది. మా ఆయన తన వచనం చదివి ఆపాడు. నా బుద్ధి వంటింట్లో కుక్కర్ మీద ఉంది. ఇన్నాళ్ళ అలవాటు ఏమిటంటే, అమ్మాయి గొంతు ఆగగానే నేను అందుకోవడం. ఆ రోజు అమ్మాయి గొంతు లేదు. లేదు కనుక ఆగలేదు. ఆగలేదు కనుక నేను మొదలుపెట్టలేదు. మా ఆయన నేను చదువుతానని చూస్తున్నాడు. అమ్మ కళ్ళు మూసుకుని ఉంది. ముగ్గురం ముగ్గురి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాం.

ఆ నిశ్శబ్దంలో లోపలి గదిలో మంచం కిర్రుమంది.

తర్వాత కాలు ఈడ్చిన చప్పుడు. గోడ పట్టుకుని, తలుపు పట్టుకుని, నాయన హాల్లోకి వచ్చాడు. పంచె సగం ఊడి ఉంది. మేం తన కోసం ఆగామనుకున్నాడు. అది నాకు ఆయన మొహం చూడగానే తెలిసింది. ఆలస్యమైనందుకు నొచ్చుకుంటూ, పిలిచినందుకు సంతోషపడుతూ, పనికి పిలుపొచ్చిన మనిషిలాగా వచ్చాడు. మా ఆయన గబుక్కున లేచి కుర్చీ మీది బట్టలన్నీ ఎత్తి నేలమీద పడేశాడు. నాయన కూర్చున్నాడు.

నాకప్పుడైనా బుద్ధి రావద్దా? రాలేదు. గడియారం చూసి, "ఇది నా వచనం నాయనా, నేను చదువు…" అని మొదలుపెట్టాను. అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది.

"ఉండవే. ఆయన వంతు ఉండాది గదా."

నేను బైబిలు ఆయన ఒళ్ళో పెట్టి వచనం చూపించాను. నాయన ఎడమచేతి వేలు మొదటి మాట కింద పెట్టాడు. అది అలవాటు లేని చెయ్యి. వేలు ఒక మాట కింద ఆగి, పెదవులు కదిలి, తర్వాతి మాటకు జరిగింది. శబ్దం లేదు. అయినా ఆయన చదువుతున్నాడు. ఒక ఊరి పేరు దగ్గర వేలు వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చింది, తప్పు చదివి సరిదిద్దుకున్నట్టున్నాడు. కుక్కర్ ఐదో కూత వేసింది. ఎవరూ లేవలేదు. వచనం చివరికి వచ్చాక వేలు తీసి, తలెత్తి, నా వైపు చూశాడు. ఇక నువ్వు చదువు అని.

నేను చదివాను. ఎట్లా చదివానో అడక్కండి. అధ్యాయం పూర్తయ్యేసరికి నాయన వంతు పద్నాలుగుసార్లు వచ్చింది. ఏడుంబావు బస్సు పోయింది, దాని వెనక బస్సు కూడా పోయింది. బళ్ళో ఆలస్యానికి సంజాయిషీ రాసిచ్చాను. నా సర్వీసులో అంత సంతోషంగా రాసిన సంజాయిషీ ఇంకోటి లేదు.

ఆయన దేవుడి మీద అలగలేదు. మా మీద కూడా అలగలేదేమో. లేని మనిషిని దాటేసినట్టు ఉన్న మనిషిని దాటేశాం. వినమన్నాం. వేలిముద్ర డబ్బా వెనక్కి జరిపిన మనిషికి వినడం ఒక్కటే మిగిల్చాం. లెక్కల టీచరునై ఉండి ఒక మనిషిని లెక్కలోంచి తీసేశాను.

ఆ రోజు నుంచి వంతు మళ్ళీ ఐదుగురిదీ అయింది. నేను అరగంట ముందు లేవడం మొదలుపెట్టాను. ఎవరు నేర్పినా రాని బుద్ధి అది. చార్టులో పెద్ద అధ్యాయాలను రెండు రోజులకు విరిచాం. డిసెంబరుకు చార్టులో బోలెడు ఖాళీలు మిగిలాయి, మిగలనీ. అయ్యగారు ఒకరోజు పొద్దున్నే వచ్చి మాతో కూర్చున్నారు. నాయన వంతులో నిశ్శబ్దం అయ్యేసరికి చదవడం అయిపోయిందనుకుని "స్తోత్రం తండ్రీ…" అని ప్రార్థన అందుకున్నారు. నాయన ఎడమచెయ్యి ఎత్తి ఆపమన్నాడు. "ఇంకా కాలేదయ్యగారూ, ఆయన చదవతా ఉండాడు" అంది అమ్మ. అయ్యగారు నాలుక కరుచుకుని కళ్ళు తెరిచారు.

ఆ ఎదురుచూడ్డంలో నాకు ఇంకోటి దొరికింది. నాయన వేలు జరుగుతున్నంతసేపూ మాకు వేరే పని లేదు. ఆయన చదివే వచనమే మేమూ చూడాలి. ఒక్క వచనం మీద రెండు నిమిషాలు కళ్ళు పెట్టి కూర్చోవడం నా బతుకులో అదే మొదలు. బస్సు ఆగే ఊళ్ళని వెక్కిరించిన ఆ అధ్యాయమే తీసుకోండి. ఎడారిలో అంతమంది అన్నేళ్ళు నడిచారు. నీళ్ళు దొరికిన చోటూ, దొరకని చోటూ, ఏమీ జరగని చోటు కూడా, దిగిన ప్రతి చోటునీ ఎవరో గుర్తుపెట్టుకుని రాయించారు. మా నాయన మంచం మీద గోడ చూస్తూ పడుకున్న నెల రోజులు కూడా అట్లా ఎక్కడో రాసి ఉంటాయని ఒకరోజు నాకు తోచింది. తోచాక చాలాసేపు ఊరికే కూర్చున్నాను. ధ్యానం అంటే ఇదే అయితే, ఇన్నేళ్ళూ పస్తుండి విందు తిన్నానని టిక్కు పెట్టుకున్నాను. దేవుడికి వేయి స్తోత్రాలు. నన్ను ఆపడానికి ఆయనకు ఇంకే దారీ దొరకలేదేమో, మా నాయన మౌనాన్ని వాడుకున్నాడు.

ఫిజియోథెరపీ చేసే అమ్మాయి వారానికి మూడుసార్లు వచ్చేది. చెయ్యి కొంచెం లేచింది. మాట గురించి ఎవరం అడగడం మానేశాం. ఆ ఆశ పెట్టుకుని ఆయన మొహంలోకి చూస్తే ఆయనకు మళ్ళీ చెమట పడుతుందని మా భయం.

ఈ ఎండాకాలం, బళ్ళకు సెలవులిచ్చిన మొదటి సోమవారం. ఫ్యాన్ కింద ఐదుగురం కూర్చున్నాం. మా ఆయన చదివాడు, అమ్మాయి చదివింది. నాయన వేలు వచనం మొదటి మాట కింద పెట్టాడు. మా తెలుగు బైబిల్లో సగం వచనాలు 'మరియు' అనే మొదలవుతాయి. ఆ వచనం కూడా అంతే. మేం ఎప్పటిలాగే తలలు వంచుకుని వచనం చూస్తున్నాం.

"మ… రియు."

మొదట మా ఆయన అన్నాడనుకున్నాను. తలెత్తితే ఆయన కూడా తలెత్తి చూస్తున్నాడు. గొంతు బొంగురుగా ఉంది, ఒకపక్కకు జారింది, కానీ అది నాయన గొంతే. ఎనిమిది నెలల తర్వాత మా ఇంట్లో ఆయన గొంతు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎక్కడ ఆగిపోతాడో అని అందరం మళ్ళీ వచనం మీదికి తలలు వంచాం. నాయన మాత్రం పెద్ద విశేషమేమీ జరగనట్టు, వేలు తర్వాతి మాట కిందకు జరిపాడు. ఆ మాట రాలేదు. దాని తర్వాతిదీ రాలేదు. పెదవులు మాత్రం కదిలాయి. ఒక్కో మాట కింద ఆగుతూ, ఆగుతూ, వచనం పూర్తి చేసి వేలు తీశాడు.

తర్వాత వంతు నాది. బైబిలు ఎత్తి పట్టుకున్నాను. అక్షరాలు అలుక్కుపోయి కనిపించాయి. కళ్ళు తుడుచుకుని నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ తెరిచాను. మా అమ్మాయి సాయం చేద్దామని నా వచనం అందుకోబోయింది. నాయన ఎడమచెయ్యి దాని చేతి మీద వేసి ఆపాడు. ఆపి, నా వైపు చూస్తూ, తొందరేమీ లేదన్నట్టు కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చున్నాడు.